ఏడో నంబరు దీపం

సోమవారం పొద్దున జోంబా పట్నం నుంచి వచ్చిన మినీబస్సు దిగి, వారానికోసారి నెట్‌వర్కు మరమ్మతుకి వచ్చే తవోంగా ఆసుపత్రి గేటు దాటేసరికి, అబితి సుమైలి ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఆ వేళప్పుడు ఆమె కూర్చుని ఉండగా అతనెప్పుడూ చూడలేదు. బకెట్టు గోడవార ఉంది. అందులో నీళ్ళు లేవు. తుడుపుకర్రకు కట్టిన బట్ట ఎండి అట్టకట్టింది.

"ఏంటమ్మా, ఇవాళ నేలకి సెలవిచ్చారా?" అన్నాడు.

మామూలుగా అయితే, ఉత్తరాదివాడికి నేల సంగతి ఏం తెలుసు, మీ ఊళ్ళో అన్నీ కొండలే కదా అని అందుకునేది. ఇవాళ నడుముకు చుట్టుకున్న రంగుల గుడ్డ అంచును మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"తాళాలు తీసేసుకున్నారు నాయనా."

"ఎవరు?"

"బ్వానా గారు, మన పెద్దాయన. ఆ తీగల గదిలో తీగలు నేనే పీకుతున్నానంట. ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నీ తెచ్చి అక్కడ ఛార్జింగు పెడుతున్నానంట." ఆమె గొంతులో కోపం లేదు. ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "శుక్రవారం కమిటీ. నన్ను ఉంచాలా తీసెయ్యాలా అప్పుడు చెబుతారు. అందాకా నా ఉద్యోగం ఈ బల్లే."

తవోంగా సంచిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఏదో ఒకటి అనాలి. ఆమె అతని ముఖం వంక చూడలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

లోపల, ఆసుపత్రి వ్యవహారాలన్నీ చూసే మలెంగా గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కోపిష్ఠి మనిషి కాదు. విరిగిన కుర్చీలు తనే మేకులు కొట్టి బాగుచేసుకునే రకం.

"వచ్చావా తవోంగా. నాలుగు నెలలుగా నువ్వు పట్టుకోలేని దొంగని నేను పట్టుకున్నాను. ఇదిగో," అని తాళాల పుస్తకాన్ని అతని వైపు తిప్పారు.

తాళం వేసిన ఏ గదిలోకి వెళ్ళాలన్నా కిటికీ దగ్గర ఆ పుస్తకంలో తేదీ, పేరు, పని రాసి తాళంచెవి తీసుకోవాలి. పెద్ద డాక్టరైనా సరే. పేజీ నిండా అబితి సుమైలి అక్షరాలు, పెద్దవి, ఒక పక్కకి ఒరిగినవి. నెట్‌వర్కు గది, శుభ్రం. నెట్‌వర్కు గది, శుభ్రం. ప్రతి వరస కిందా ఎర్ర పెన్సిలు గీత.

"బీరువా అంత గది అది. ఇద్దరు నిలబడితే తలుపు పడదు. దాన్ని రోజుకి నాలుగుసార్లు ఏం శుభ్రం చేస్తుంది చెప్పు? ఇక్కడ చూడు, ఇవి ల్యాబువాళ్ళ ఫిర్యాదులు. ఇరవై రెండో తారీకు నెట్‌వర్కు నాలుగుసార్లు పోయింది. ఈవిడ నాలుగుసార్లు వెళ్ళింది. ఇరవై మూడు, రెండుసార్లు పోయింది, రెండుసార్లు వెళ్ళింది. సరిపోయిందా లేదా?"

సరిపోయింది. ఎందుకు సరిపోయిందో తవోంగాకి తెలుసు.

"మొన్న ప్రసూతి వార్డులో ఆ పిల్లకి రక్తం ఎక్కించాలి. రిపోర్టు ల్యాబులో తయారై కూర్చుంది. వార్డు కంప్యూటరులో కనపడదు. ల్యాబులో పనిచేసే ఆ ఎలూబి కాగితం చేతబట్టుకుని పొలానికడ్డంపడి పరుగెత్తబట్టి బతికింది. బతికింది కాబట్టి కమిటీతో సరిపెడుతున్నాం."

"ఆవిడ అలాంటి మనిషి కాదండీ."

"ఇరవై రెండేళ్ళుగా నేనూ అదే అనుకున్నాను." మలెంగా గారు నిజంగానే బాధపడుతున్నారు. "అందుకే పుస్తకం తెరిచాను. మనిషిని చూస్తే మొహమాటం అడ్డమొస్తుంది."

తవోంగా పుస్తకంలో తన పేరు రాసి, పని అన్న చోట 'మరమ్మతు' అని రాసి, తాళంచెవి తీసుకున్నాడు. మలెంగా గారి బల్ల మీద కాగితాల కింద అతని ఒప్పందం పొడిగింపు కాగితం అంచు కనిపిస్తోంది. నెలాఖరుకి పాతది అయిపోతుంది.

గది తలుపు మీద అతను తన చేత్తో రాసి అంటించిన కాగితమే ఉంది. సాంకేతిక సిబ్బంది తప్ప ఎవరూ లోపలి పరికరాలను తాకరాదు. తలుపు తీస్తే అక్టోబరు వేడి ముఖానికి తగిలింది. గోడకి బిగించిన, తీగలన్నీ కలిసే స్విచ్చు పెట్టెలో ఇరవై నాలుగు పోర్టుల రంధ్రాలు, వాటి పైన చిన్న చిన్న పచ్చ దీపాలు. ఏడో నంబరులోంచి వెళ్ళిన తీగ కప్పు చీల్చుకుని పైన రేకుల మీది రేడియోకి చేరుతుంది. ఆ రేడియోకి కరెంటు కూడా ఆ తీగలోంచే. అది మొక్కజొన్న పొలం అవతల ల్యాబు మీది రేడియోతో మాట్లాడాలి. ఎండ ముదిరితే రేడియో బిగుసుకుపోతుంది, ఏడో దీపం ఆరిపోతుంది. తీగ పీకి, కాసేపాగి, మళ్ళీ పెడితే నిద్రలేచినట్టు లేస్తుంది.

జోంబా నుంచి ఇక్కడికి రెండు గంటలు. జూన్‌లో ఒకరోజు ఫోనులో చెప్పాడు. 'అమ్మా, ఏడు అని రాసి ఉన్న చోట దీపం ఆరిపోయి ఉంటుంది. ఆ తీగ పీకండి. పది లెక్కపెట్టండి. మళ్ళీ పెట్టండి. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఈ ఒక్కసారికే.' ఆ ఒక్కసారి ఇన్నాళ్ళయింది. నెట్‌వర్కు పోతే ల్యాబు నుంచి ఎలూబి అతనికి ఫోను చేసేది, అతను అబితి సుమైలికి చేసేవాడు, ఆమె ఏ వార్డులో ఉన్నా బకెట్టు అక్కడే వదిలి, కిటికీ దగ్గర వరసలో నిలబడి, పుస్తకంలో రాసి, వెళ్ళి తీగ పీకి పెట్టేది. పని అన్న చోట శుభ్రం అని తప్ప ఇంకేం రాయడానికీ ఆమెకు అధికారం లేదు. పదిహేను నిమిషాల్లో పచ్చ దీపం వెలిగేది. 'భలేవాడివి తవోంగా, అంత దూరం నుంచి ఎలా చేస్తావో' అనేది ఎలూబి. అతను నవ్వేవాడు.

మొన్న శుక్రవారం అతని ఫోను మోగలేదు. జోంబాలో మీటింగులో కూర్చుని, దాని నోరు నొక్కి జేబులో పెట్టుకున్నాడు.

నేల మీద చతికిలబడి లాప్‌టాప్ తెరిచాడు. ఈ పని మనిషి చేయనక్కర్లేదని అతనికి మొదటి నుంచీ తెలుసు. ఆమె ఉంది కాబట్టి చేయలేదు. స్విచ్చుకి నాలుగు మాటలు చెబితే చాలు. ఏడో పోర్టులో లింకు పడిపోతే అర నిమిషం చూడు. తిరిగి రాకపోతే ఆ పోర్టుకి కరెంటు ఆపు. పది లెక్కపెట్టు. మళ్ళీ ఇవ్వు. ఎప్పుడు పడిందో, ఎప్పుడు లేచిందో రాసిపెట్టు.

తీగ పీకి పరీక్షించాడు. దీపం ఆరింది. అర నిమిషం. తీగ తిరిగి పెట్టి ఎదురుచూశాడు. పోర్టు తనే ఆగి, తనే తెరుచుకుంది. కానీ పైన రేడియో కళ్ళు నులుముకుంటూ ఉండగానే స్విచ్చు ఓపిక పట్టలేక మళ్ళీ కరెంటు పీకేసింది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ పీకింది. తవోంగా తలపట్టుకున్నాడు. అబితి సుమైలికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె తీగ పెట్టాక, దీపం వెలిగేదాకా తలుపు దగ్గర నిలబడి చూసి మరీ వెళ్ళేది. ఇంకో వరస రాశాడు. కరెంటు ఇచ్చాక అయిదు నిమిషాలు దాని జోలికి పోకు. ఆ కింద ఇంకొకటి. గంటలో మూడుసార్లకి మించి చేయకు, అప్పటికీ లేవకపోతే నాకు చెప్పు.

రెండోసారి సరిగ్గా పనిచేసింది. పచ్చ దీపం నిలకడగా వెలిగింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గుండె కాస్త తేలికపడింది. ఇక స్విచ్చే రాస్తుంది. ఆమె గదిలో లేనప్పుడు కూడా లింకు పడుతుందని ఆ రాతే చెబుతుంది. తను నోరు విప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం వెళుతూ వెళుతూ గేటు దగ్గర రెండు వేడి మందాసి బూరెలు కొని, కాగితంలో చుట్టి బల్ల మీద ఆమె పక్కన పెట్టాడు.

"నేను చెప్పానని మీరు చెప్పలేదా అమ్మా?"

ఆమె బూరెని రెండుగా తుంచి సగం అతనికిచ్చింది. "లేదు."

"ఎందుకని?"

"పని చెప్పినోడు చెప్పాలి అది. చేసినదాన్ని నేను చెబితే సాకులాగుంటది." కాసేపు నమిలింది. "నూనె మార్చలేదు ఈ వారం. తిను, బస్సు పోద్ది."

మంగళవారం, బుధవారం అతను జోంబాలోనే ఉన్నాడు. గంటకోసారి లాప్‌టాప్‌లో స్విచ్చు రాసిన కాగితం తెరిచి చూసుకున్నాడు. మంగళవారం పదీ యాభైకి పడింది, రెండు నిమిషాల్లో లేచింది. ఒంటిగంటకి, రెండున్నరకి కూడా. బుధవారం నాలుగుసార్లు పడింది, నాలుగుసార్లూ లేచింది. చేతులు రుద్దుకున్నాడు. బుధవారం సాయంత్రం ఎలూబికి ఫోను చేశాడు.

"నెట్‌వర్కు ఎలా ఉంది?"

"బ్రహ్మాండం! సోమవారం నుంచి ఒక్కసారి కూడా పోలేదు. ఏం మంత్రం వేశావు?"

"పోలేదా?"

"లేదంటే లేదు. బ్వానా గారు కూడా ఇందాకే వచ్చి అడిగారు. పోలేదని చెబితే తల ఊపి పుస్తకంలో రాసుకున్నారు. తాళం లాక్కున్న రోజు నుంచి ఒక్కసారి కూడా పోలేదు, ఇంతకన్నా రుజువు ఏం కావాలి అన్నారు." ఎలూబి గొంతు తగ్గించింది. "నాకు నమ్మబుద్ధి కావట్లేదు తవోంగా. మా ల్యాబు నేల మీద సూది పడితే తీసి బల్ల మీద పెట్టే మనిషి. కానీ మరి ఇలా ఎలా కుదిరింది?"

తవోంగా ఫోను పెట్టేశాడు. రెండు నిమిషాల్లో లేచేదాన్ని ఎవరు గమనిస్తారు? ల్యాబులో మనిషి ఒక గొట్టం కడిగి ఇంకోటి తీసేలోగా అయిపోతుంది. ఆమెను కాపాడుతుందనుకున్నదే ఆమె మీద చివరి మేకు కొట్టింది. భార్య రెండుసార్లు అన్నానికి పిలిచింది. మొక్కజొన్న పిండితో చేసిన న్సిమా ముద్ద చల్లారి గట్టిపడేదాకా అతను లేవలేదు.

గురువారం మొదటి మినీబస్సు ఎక్కాడు. వరండాలో బల్ల మీద అబితి సుమైలి ఉంది. ఇవాళ బకెట్టు కూడా పక్కన లేదు. స్టోరులోకి తీసుకుపోయారు.

"ఇవాళ నీ రోజు కాదు కదా," అంది.

"కాదమ్మా. రండి, లోపలికి."

"పిలవకుండా నేను రాను."

"నేను పిలుస్తున్నాను కదా."

ఆమె లేచి, గుడ్డ సర్దుకుని, అతని వెనకే వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. మలెంగా గారు కమిటీకి కాగితాలు కుడుతున్నారు. దబ్బనం చేతిలో అలాగే ఉంచి ఇద్దర్నీ చూశారు.

తవోంగా స్విచ్చు రాసిన కాగితం అచ్చుతీసి తెచ్చాడు. బల్ల మీద పెట్టాడు. "సోమవారం నేను వెళ్ళాక ఏడుసార్లు పడింది. ఇవి టైములు. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేదు. మీ పుస్తకంలోనే ఉంది."

మలెంగా గారు కాగితం పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివారు. "ల్యాబువాళ్ళు పోలేదన్నారే."

"తనంతట తనే లేచేలా పెట్టాను. అందుకే వాళ్ళకి తెలియలేదు."

"మంచిదే. అయితే ఒకటి చెప్పు." దబ్బనం మొనతో ఎర్ర గీతల మీద తట్టారు. "పడేది ఎండకో గాలికో అనుకుందాం. మరి ఈవిడ రోజుకి నాలుగుసార్లు ఆ గదిలో ఏం చేసింది?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కాగితం అంచు లేచి పడుతోంది. అబితి సుమైలి వెనక గుమ్మం దగ్గరే ఉంది. ఆమె చెప్పదు. ఇప్పుడు కూడా చెప్పదు.

"నేను చెప్పిన పని చేసింది," అన్నాడు తవోంగా. "జూన్ నుంచీ. పోయినప్పుడల్లా నేను ఫోను చేస్తే, వెళ్ళి తీగ పీకి పెట్టింది. ఆవిడ వెళ్ళినందుకు నెట్‌వర్కు పోలేదండీ. పోయినందుకు ఆవిడ వెళ్ళింది. బాగుచేసింది ఆవిడ. పేరు నాకొచ్చింది."

"ఎవరూ తాకకూడదని తలుపు మీద రాసింది నువ్వే కదా?"

"నేనే."

"శుక్రవారం?"

"ఫోను చూసుకోలేదు. ఎలూబి నాకు ఆరుసార్లు చేసింది. నేను ఈవిడకి చేయలేదు. చేసి ఉంటే..."

మలెంగా గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. అబితి సుమైలి వైపు చూశారు. "సోమవారం నేనడిగితే నువ్వు ఒక్క మాట చెప్పలేదే అమ్మా."

"మీరడిగింది తీగలు ముట్టుకున్నావా అని. ముట్టుకున్నానన్నాను. ఎందుకని మీరడగలేదు బ్వానా."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, పుస్తకంలో తన పేరు రాసుకుని తాళంచెవి తీసుకున్నారు. "కాగితం మీద ఒకసారి మోసపోయాను. ఈసారి కళ్ళతో చూస్తాను. పదండి."

బీరువా అంత గది. మలెంగా గారు లోపల, తవోంగా గుమ్మంలో, అబితి సుమైలి వరండాలో. పదీ నలభై అయింది. పైన రేకులు ఎండకి చిటపటమంటున్నాయి. ఇరవై నాలుగు దీపాల్లో ఏడోదాన్ని తవోంగా వేలు తగలకుండా చూపించాడు. చూస్తూ నిలబడ్డారు. మలెంగా గారి మెడ మీంచి చెమట కాలరులోకి దిగింది. పదకొండు దాటింది. ల్యాబు నుంచి ఏదో పని మీద వచ్చిన ఎలూబి, ముగ్గురూ ఒక గోడ వంక చూస్తూ నిలబడడం చూసి, తనూ ఆగింది.

"ఎవరైనా పోయారా?" అంది మెల్లగా.

"ఇంకా లేదు. పోతుందని చూస్తున్నాం," అన్నారు మలెంగా గారు.

పదకొండూ పదికి ఏడో దీపం ఆరిపోయింది.

మలెంగా గారి చెయ్యి దానంతట అదే తీగ మీదికి వెళ్ళింది. గుమ్మంలోంచి తవోంగా పక్కగా ఒక చెయ్యి దూరి ఆయన మణికట్టు పట్టుకుంది.

"తాకమాకండి బ్వానా," అంది అబితి సుమైలి. "ఇవాళ లోపలున్నది మీరు. తర్వాత మీ మీదికొస్తది."

ఎలూబి చేత్తో నోరు మూసుకుంది. మలెంగా గారు చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని నిలబడ్డారు. అర నిమిషం చాలా పొడుగ్గా గడిచింది. స్విచ్చులో ఎక్కడో టక్కుమని ఒక చప్పుడయింది. అబితి సుమైలి పెదాలు కదులుతున్నాయి. ఆమె లెక్కపెడుతోంది. పదికి వచ్చేసరికి ఇంకోసారి టక్కుమంది. ఇంకొంచెంసేపటికి పచ్చ దీపం ఒకసారి రెప్పకొట్టి, నిలబడింది.

"అయిపోయిందా?" అన్నారు మలెంగా గారు.

"పైన రేడియో కూడా లేవాలి. ఇంకో నిమిషం," అన్నాడు తవోంగా.

ఎలూబి ల్యాబుకి ఫోను చేసింది. అవతలి మాట విని, "ఏం పోలేదంట. అంతా బానే ఉందంట," అని అబితి సుమైలి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

మలెంగా గారు జేబులోంచి తాళాల గుత్తి తీశారు. ఆమె నుంచి తీసుకున్నది, ఎర్ర దారం కట్టినది. రెండు చేతులతో పట్టుకుని, ఆమె కన్నా పొడుగైన మనిషి కాస్త వంగి, ఇచ్చారు. ఆమె కూడా మోకాళ్ళు కొంచెం వంచి రెండు చేతులతో అందుకుంది.

"కమిటీ లేదు," అన్నారు. తవోంగా వైపు తిరిగారు. "నీకుంది. మందలింపు కాగితం రాసిస్తాను, సంతకం పెడుదువుగాని. ఇలాంటిది ఇంకొకటి వస్తే పొడిగింపు లేదు."

"పెడతానండీ," అన్నాడు తవోంగా. మందలింపు కాగితానికి ఎవరూ అంత ఆత్రంగా ఒప్పుకుని ఉండరు. గోడకి ఆనుకున్నాడు. "పైన రేడియోకి నీడ కూడా కట్టాలి. అసలు రోగం అదీ."

"కడుదువుగాని. ముందు నువ్వు పక్కకి జరుగు," అంది అబితి సుమైలి.

ఆమె ఎప్పుడు వెళ్ళిందో, స్టోరు తెరిచి బకెట్టు తెచ్చుకుంది. కుళాయి కింద నింపి, బట్ట పిండి, గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపల నేల మీద నాలుగు రోజుల దుమ్ములో తవోంగా చతికిలబడ్డ గుర్తు, మలెంగా గారి బూట్ల గుర్తులు.

"రండి బయటికి, అందరూ. బ్వానా, మీరు కూడా. ఇంత చిన్న గదిలో ఇంత తొక్కుడా? తుడిచిందాన్నల్లా తొక్కుతారు, పైగా ఏం శుభ్రం చేస్తావని అడుగుతారు."

మలెంగా గారు బూట్ల మొనల మీద నడుచుకుంటూ బయటికి వచ్చారు. అందరి కన్నా పెద్ద ఉద్యోగి, ఇద్దరు చదువుకున్నవాళ్ళతో కలిసి వరండాలో వరసగా నిలబడ్డారు. లోపల తుడుపుకర్ర గోడ మూలల్లోకి వెళ్ళి వస్తున్న చప్పుడు. ఆమె వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా తుడుచుకుంటూ వచ్చి, తలుపు సగం దగ్గరికి వేసింది.

"ఆరేదాకా ఎవరూ పోవద్దు," అంది.

ఎవరూ పోలేదు.